నక్షత్రాల వెనక నివేదిక: అమెరికా నర్సింగ్ హోంల తనిఖీ రికార్డు చదివే తీరు

అమెరికాలో నర్సింగ్ హోం అంటే తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు, దీర్ఘరోగులు రాత్రింబవళ్లు నర్సుల సంరక్షణలో ఉండే చోటు. తెలుగు ఊళ్లలో అదే బోర్డు పెట్టుకునే చిన్న ప్రైవేటు ఆసుపత్రి వేరు, ఇది వేరు. ఇలాంటివి ఆ దేశంలో సుమారు 15 వేలు ఉన్నాయి. వాటిలో ఉంటున్నవారు దాదాపు 12 లక్షల మంది. కొందరు చివరిదాకా అక్కడే ఉండిపోతారు. మరికొందరు తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో ఆసుపత్రిలో చికిత్స అయ్యాక, మళ్లీ నడక వచ్చేదాకా కొన్ని వారాలు ఉండి ఇంటికి వెళతారు. పిల్లల దగ్గర స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు కూడా ఈ అవసరం ఎప్పుడైనా రావచ్చు.

వచ్చినప్పుడు తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి ఉండదు. డిశ్చార్జి దగ్గర పడగానే ఆసుపత్రివాళ్లు చుట్టుపక్కల నర్సింగ్ హోంల జాబితా ఒకటి చేతిలో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒకటి చెప్పమంటారు. జాబితాలో పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఎక్కడ ఎవరు పడిపోయారో, ఎవరికి పుండ్లు పడ్డాయో, ఎవరి మందులు తారుమారయ్యాయో అందులో ఉండదు. ఆ సంగతులన్నీ ప్రభుత్వ తనిఖీ నివేదికల్లో ఉంటాయి. ఎవరైనా పైసా కట్టకుండా వాటిని చదువుకోవచ్చు.

తనిఖీ ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు

అమెరికా నర్సింగ్ హోంలలో వృద్ధుల దుస్థితిపై 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా మరుసటి ఏడాది, 1987లో, నర్సింగ్ హోం సంస్కరణ చట్టం వచ్చింది. మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోం ఏయే ప్రమాణాలు పాటించాలో, అక్కడ ఉండేవారికి ఏయే హక్కులుంటాయో ఆ చట్టం నిర్ణయించింది. దీన్ని అమలు చేసే బాధ్యత ఆ పథకాలను చూసే కేంద్ర సంస్థ సీఎంఎస్‌ది. తనిఖీలు మాత్రం దాని తరఫున ఆయా రాష్ట్రాల ఆరోగ్య విభాగాలు చేస్తాయి.

ఒక తనిఖీకీ మరో తనిఖీకీ మధ్య 15 నెలలు దాటకూడదు. రాష్ట్రం మొత్తం మీద సగటు వ్యవధి 12 నెలలకు మించకూడదు. కోవిడ్ తర్వాత తనిఖీ సిబ్బంది కొరతతో చాలా రాష్ట్రాలు ఈ గడువు తప్పాయి. అందువల్ల ఏ నర్సింగ్ హోం రికార్డు తెరిచినా ముందు చూడాల్సింది చివరి తనిఖీ తేదీ. రెండేళ్ల కిందటి మంచి పేరుతో ఇవాళ్టి పరిస్థితిని అంచనా వేయలేం.

తనిఖీ బృందం చెప్పాపెట్టకుండా వస్తుంది. ముందుగా ఉప్పందించడం చట్టప్రకారం జరిమానా పడే నేరం. కొన్ని తనిఖీలు రాత్రివేళ, వారాంతాల్లో కూడా జరగాలి. బృందంలో రిజిస్టర్డ్ నర్సు తప్పనిసరి. వాళ్లు కొన్ని రోజులపాటు అక్కడే ఉంటారు. నర్సు మందులు ఇస్తుంటే పక్కన నిలబడి డాక్టరు రాసిన చీటీతో సరిపోల్చుకుంటారు. వంటగదిలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూస్తారు. కొంతమంది వృద్ధులను ఎంచుకుని వాళ్లతో, వాళ్ల ఇంటివారితో మాట్లాడతారు, కేస్ షీట్లు మొదటినుంచీ చదువుతారు. ఇవి కాక ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ప్రత్యేకంగా చేసే తనిఖీలు వేరే ఉంటాయి. కాగితాల మీద అంతా సవ్యంగా ఉన్నచోట కూడా అసలు విషయాలు బయటపడేది తరచు ఈ ఫిర్యాదు తనిఖీల్లోనే. కాబట్టి రెండు రకాల నివేదికలూ చదవాలి.

రికార్డు దొరికే చోటు

మెడికేర్ వెబ్‌సైటులో కేర్ కంపేర్ అనే విభాగం ఉంది. 1998లో నర్సింగ్ హోం కంపేర్ పేరుతో మొదలై, 2020 నుంచి ఈ రూపంలో నడుస్తోంది. ఊరి పేరో, పిన్ కోడ్ లాంటి జిప్ కోడో ఇస్తే దగ్గర్లోని నర్సింగ్ హోంలన్నీ వరుసగా వస్తాయి. ప్రతిదాని పేజీలో స్టార్ రేటింగులు, తనిఖీల్లో దొరికిన లోపాలు, మూడేళ్లలో పడిన జరిమానాలు, సిబ్బంది లెక్కలు, యజమానుల వివరాలు ఉంటాయి. లోపాల సంఖ్య పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు కూడా చూపిస్తారు. పూర్తి నివేదికల లింకులు కూడా అక్కడే ఉంటాయి. ప్రొపబ్లికా అనే వార్తా సంస్థ 2012 నుంచి నడుపుతున్న నర్సింగ్ హోం ఇన్‌స్పెక్ట్‌లో మరో సౌకర్యం ఉంది. అక్కడ ఒక మాట కొట్టి, అది ఏ నివేదికల్లో వచ్చిందో వెతకవచ్చు.

కంప్యూటర్ అవసరం లేని దారి ఒకటి ఉంది. తాజా తనిఖీ నివేదికను నర్సింగ్ హోంలోనే అందరికీ అందేచోట ఉంచాలని నిబంధన. సాధారణంగా ముందు గదిలో ఒక ఫైలులో పెడతారు. మూడేళ్ల నివేదికలు అడిగితే చూపించాలి. అడిగినప్పుడు ఫైలు వెంటనే చేతికిచ్చారా, తాళం వేసిన బీరువాలో ఉంది రేపు రండి అన్నారా అన్నదాన్ని బట్టి కూడా ఆ చోటు గురించి కొంత తెలుస్తుంది.

నక్షత్రాలు ఎంతవరకు చెబుతాయి

2008 డిసెంబరు నుంచి ప్రతి నర్సింగ్ హోంకూ ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తున్నారు. ఇందులో మూడు లెక్కలు కలుస్తాయి: ఆరోగ్య తనిఖీలు, సిబ్బంది, నాణ్యతా కొలమానాలు. తనిఖీ స్టార్లే పునాది. సిబ్బంది విషయంలో అయిదు స్టార్లు వస్తే ఒకటి కలుస్తుంది, ఒక స్టారే వస్తే ఒకటి తగ్గుతుంది. నాణ్యతా కొలమానాలకూ ఇదే పద్ధతి. అంటే తనిఖీల్లో మూడు స్టార్లు వచ్చిన చోటు కూడా మిగతా రెండింటి పుణ్యమా అని మొత్తం మీద అయిదు స్టార్లతో కనిపించవచ్చు. అందుకే మొత్తం రేటింగును పక్కనపెట్టి, మూడింటినీ విడివిడిగా చూడాలి.

తనిఖీ స్టార్లు తరగతిలో మార్కులు చెప్పకుండా ర్యాంకులు ప్రకటించినట్టు ఉంటాయి. ప్రతి రాష్ట్రంలోనూ మెరుగైన 10 శాతానికి అయిదు స్టార్లు, అట్టడుగు 20 శాతానికి ఒక స్టారు ఇచ్చి, మధ్యవాటికి రెండు, మూడు, నాలుగు సమానంగా పంచుతారు. ఒక రాష్ట్రంలో నర్సింగ్ హోంలన్నీ అధ్వాన్నంగా ఉన్నా అక్కడా 10 శాతానికి అయిదు స్టార్లు వస్తాయి. అందువల్ల న్యూజెర్సీలోని నాలుగు స్టార్ల చోటును టెక్సస్‌లోని నాలుగు స్టార్ల చోటుతో పోల్చడం కుదరదు. రాష్ట్రం లోపల పోల్చుకోవడానికే అవి పనికొస్తాయి.

మూడింటిలో నమ్మకం తక్కువైనవి నాణ్యతా కొలమానాలు. ఎంతమంది పడిపోయారు, ఎంతమందికి పడక పుండ్లు ఉన్నాయి, ఎంతమందికి మానసిక రోగాల మందులు ఇస్తున్నారు వంటి లెక్కల్లో చాలావాటికి ఆధారం నర్సింగ్ హోంలు తమంతట తాము పంపే సమాచారం. పడిపోయి పెద్ద గాయాలతో ఆసుపత్రి పాలైన ఘటనల్లో 43 శాతాన్ని నర్సింగ్ హోంలు ఆ లెక్కల్లో చూపలేదని కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2025లో తేల్చింది. మతిమరుపు రోగులను మత్తులో ఉంచే మందుల లెక్క తగ్గించి చూపడానికి కొన్నిచోట్ల, ఆ లెక్క నుంచి మినహాయింపు ఉన్న స్కిజోఫ్రీనియా జబ్బును లేకపోయినా రాస్తున్నారన్న అనుమానంతో 2023లో సీఎంఎస్ ప్రత్యేక ఆడిట్లు మొదలుపెట్టింది. ఇలాంటి లెక్కల కంటే బయటివాళ్లు వచ్చి చూసి రాసిన తనిఖీకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నివేదికలో అక్షరం, దాని అర్థం

పూర్తి నివేదికను ఫారం 2567 అంటారు. పేజీకి రెండు నిలువు వరుసలుంటాయి. ఎడమవైపు తనిఖీ బృందం కనిపెట్టిన లోపం, కుడివైపు దాన్ని ఎలా సరిదిద్దుతారో నర్సింగ్ హోం ఇచ్చిన ప్రణాళిక. ప్రతి లోపానికీ 'ఎఫ్'తో మొదలయ్యే ఒక సంఖ్య ఉంటుంది. ఎఫ్-600 అంటే కొట్టడం, తిట్టడం, పట్టించుకోకుండా వదిలేయడం. ఎఫ్-686 పడక పుండ్లు. ఎఫ్-689 పడిపోవడం వంటి ప్రమాదాలు, పర్యవేక్షణ లోపం. ఎఫ్-725 సిబ్బంది చాలకపోవడం. ఎఫ్-760 మందులు ఇవ్వడంలో పెద్ద పొరపాట్లు. ఎఫ్-812 వంటగది శుభ్రత. ఎఫ్-880 అంటురోగాల నివారణ.

సంఖ్య ఏం జరిగిందో చెబితే, దాని వెంట ఉండే ఇంగ్లిషు అక్షరం ఎంత తీవ్రమో చెబుతుంది. 'ఏ' నుంచి 'ఎల్' దాకా 12 అక్షరాలు, మూడేసి చొప్పున నాలుగు మెట్లు. మొదటి మెట్టు ఏ, బి, సి: నామమాత్రపు లోపాలు. రెండోది డి, ఇ, ఎఫ్: హాని జరగలేదు గానీ జరిగే వీలుంది. మూడోది జి, హెచ్, ఐ: హాని జరిగింది. నాలుగోది జె, కె, ఎల్: ప్రాణాపాయం, తక్షణం ఆపాల్సిన పరిస్థితి. ప్రతి మెట్టులోనూ మొదటి అక్షరం ఒకరిద్దరికి పరిమితమైన లోపానికి, రెండోది పదేపదే కనిపించిన లోపానికి, మూడోది నర్సింగ్ హోం అంతటా పాకిన లోపానికి గుర్తు. నివేదికల్లో ఎక్కువగా కనిపించేది రెండో మెట్టే. 'జి', ఆపైన ఏది ఉన్నా ఆ పేజీ ఆసాంతం చదవాలి. వెబ్‌సైటులో అక్షరానికి బదులు మాటల్లోనే తీవ్రత రాసి ఉంటుంది, పూర్తి నివేదికలో అక్షరం కనిపిస్తుంది.

ఎఫ్-689, 'జి' అని ఉన్న పేజీ ఒకటి తెరిచామనుకుందాం. అలాంటి పేజీల్లో సాధారణంగా కథనం ఇలా నడుస్తుంది. పేర్లుండవు, 'రెసిడెంట్ 12' అని మాత్రమే ఉంటుంది. ఆమెకు ఎడమవైపు పక్షవాతం. మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే లిఫ్ట్ యంత్రం వాడాలని, ఇద్దరు మనుషులు ఉండాలని కేర్ ప్లాన్‌లో రాసి ఉంది. ఆ ఉదయం ఎయిడ్ (నర్సు సహాయకురాలు) ఒక్కతే వచ్చింది. పట్టీ జారింది, తొడ ఎముక విరిగింది. రెండో మనిషిని ఎందుకు పిలవలేదని అడిగితే, ఆ అంతస్తులో ఆ పూట ఇంకెవరూ లేరని ఎయిడ్ చెప్పింది. ఇద్దరు ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమమేనని నర్సింగ్ డైరెక్టర్ చెప్పింది.

ఇక్కడ చదవాల్సింది ప్రమాదం ఒక్కటే కాదు. పైకి చూస్తే ఒక ఎయిడ్ చేసిన తప్పు. మాటల మధ్య చూస్తే మనుషులు చాలని చోటు. కుడివైపు వరుసలో 'ఆ ఎయిడ్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం' అని మాత్రమే ఉంటే అది మొక్కుబడి జవాబు. ఉదయం పూట మరో మనిషిని పెట్టామని, లిఫ్ట్ వాడకాన్ని వారం వారం ఎవరు పరిశీలిస్తారో ఫలానా అని రాస్తే అది నిజంగా దిద్దుకునే ప్రయత్నం.

నివేదికలో తరచు వచ్చే మరో మాట బిమ్స్ స్కోరు. జ్ఞాపకశక్తినీ తెలివిడినీ 15కి కొలిచే పరీక్ష అది. 13 నుంచి 15 వస్తే మనిషి పూర్తి స్పృహతో, తెలివితో ఉన్నట్టు. 7, అంతకు తక్కువైతే మతిమరుపు బాగా ముదిరినట్టు. 'బెల్ కొట్టి గంటసేపు తడి పక్క మీదే ఉన్నాను' అని చెప్పిన మనిషి స్కోరు 14 అని ఉంటే ఆ మాటను కొట్టిపారేయడానికి లేదు.

ఏ నర్సింగ్ హోంలోనైనా కొన్ని లోపాలు దొరుకుతాయి. ఒక్కటీ దొరకని తనిఖీ అరుదు. చూడాల్సింది పునరావృతం. పోయినేడాది ఎఫ్-686, ఈ ఏడాదీ ఎఫ్-686, మధ్యలో ఫిర్యాదు తనిఖీలోనూ ఎఫ్-686 అంటే, మంచాన పడ్డవారిని వేళకు పక్కకు తిప్పే పని అక్కడ జరగడం లేదని అర్థం. కాబట్టి మూడేళ్ల నివేదికలను పక్కపక్కన పెట్టుకుని ఒకే సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుపెట్టుకుంటూ చదవాలి. చేరబోయేవారి అవసరాన్ని బట్టి చదవడం ఇంకా మంచిది. మింగడం కష్టమై పొలమారే మనిషికి తినిపించే తీరు మీద వచ్చిన లోపాలు, ఇన్సులిన్ వాడే మనిషికి మందుల లోపాలు, తెలియక బయటికి నడిచిపోయే మనిషికి పర్యవేక్షణ లోపాలు ముఖ్యం.

నిప్పు, తుఫాను

అగ్నిభద్రత తనిఖీ విడిగా జరుగుతుంది. దాని లోపాల సంఖ్యలు 'కె'తో మొదలవుతాయి. స్టార్ రేటింగులో ఇవి కలవవు. అయిదు స్టార్లున్న చోట కూడా తలుపులు సరిగా మూసుకోకపోవచ్చు, పొగ అలారాలు పనిచేయకపోవచ్చు. అందుకే ఆ పేజీని ప్రత్యేకంగా తెరిచి చూడాలి. 2003లో హార్ట్‌ఫర్డ్, నాష్‌విల్ నగరాల్లోని రెండు నర్సింగ్ హోంలలో మంటలు రేగి 31 మంది చనిపోయారు. దాని పర్యవసానంగా దేశంలోని నర్సింగ్ హోంలన్నింటిలో 2013 ఆగస్టు నాటికి స్ప్రింక్లర్లు ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది.

విపత్తుల సన్నద్ధత మీద వచ్చే లోపాలకు 'ఇ' సంఖ్యలుంటాయి. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ పట్టణంలో ఒక నర్సింగ్ హోంలో ఏసీ ఆగిపోయింది. ఆ వేడికి తట్టుకోలేక 12 మంది వృద్ధులు మరణించారు. ఆ తర్వాత నర్సింగ్ హోంలలో చల్లదనం నిలిపే జనరేటర్లు ఉండాలని ఫ్లోరిడా చట్టం చేసింది. తుఫాన్లు, తీవ్రమైన ఎండలు, మంచు ఉండే ప్రాంతాల్లో జనరేటర్ ఏసీకి, హీటరుకు కూడా సరిపోతుందా అని నేరుగా అడగాలి.

మనుషుల లెక్క

భద్రతకు సంబంధించిన చాలా లోపాలకు మూలం మనుషులు చాలకపోవడం. 2016 నుంచి నర్సింగ్ హోంలు తమ జీతాల రికార్డుల ఆధారంగా సిబ్బంది పనిగంటల లెక్క పంపుతున్నాయి. నోటిమాటగా చెప్పే అంకెల కంటే ఇది నమ్మదగినది. కేర్ కంపేర్‌లో ఒక్కో రోగికి రోజుకు ఎంతసేపు నర్సు సేవ అందుతోందో గంటలు, నిమిషాల్లో ఉంటుంది. అందులో రిజిస్టర్డ్ నర్సు వాటా ఎంత, ఎయిడ్‌ల వాటా ఎంత అన్నది విడిగా చూడాలి. 2022 నుంచి శని, ఆదివారాల సిబ్బంది లెక్క, ఏడాదిలో ఎంతమంది పని మానేశారన్న శాతం కూడా ఇస్తున్నారు. వారంలో బాగుండి ఆదివారం పడిపోయే చోట్లు చాలా ఉంటాయి. సగం మంది ఏటా మారిపోయే చోట, ఏ పెద్దావిడ ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో తెలిసిన మనిషి మిగలదు.

ప్రతి రోగికీ రోజుకు 3.48 గంటల సంరక్షణ, 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలని 2024లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. రిజిస్టర్డ్ నర్సు రోజుకు 8 గంటలు ఉంటే చాలన్న పాత చట్టమే మిగిలింది. కొన్ని రాష్ట్రాల్లో ఇంతకంటే గట్టి నియమాలున్నాయి. నిబంధన లేకపోయినా 3.48 అన్న అంకెను పోల్చుకోవడానికి కొలబద్దగా వాడుకోవచ్చు.

హెచ్చరిక గుర్తులు, జరిమానాలు, యజమానులు

పేరు పక్కన ఎర్రటి వృత్తంలో తెల్లటి అరచెయ్యి కనిపిస్తే ఆ చోట దుర్వ్యవహారం రుజువైందని అర్థం. 2019 అక్టోబరు నుంచి ఈ గుర్తు వాడుతున్నారు. ఏడాది లోపు హాని కలిగించిన ఘటన ఉన్నా, వరుసగా రెండేళ్లు హాని కలగగల ఘటనలున్నా ఇది పడుతుంది. పసుపు త్రికోణం ఇంకా తీవ్రం, అది ప్రత్యేక నిఘాకు గుర్తు. ఏళ్ల తరబడి దిద్దుకోని నర్సింగ్ హోంలను ప్రత్యేక నిఘా జాబితాలో చేర్చి, ఆరు నెలలకోసారి తనిఖీ చేస్తారు. ఈ జాబితాలో ఉండేవి దేశం మొత్తానికీ సుమారు 88. చోటు లేక బయట ఆగిన అభ్యర్థుల జాబితా దీనికి అయిదు రెట్లు ఉంటుంది. 2019 నుంచి దాన్నీ ప్రకటిస్తున్నారు.

జరిమానాల పట్టికలో డాలర్ల మొత్తంతో పాటు మరో మాట వెతకాలి: కొత్తవారిని చేర్చుకుంటే డబ్బు చెల్లించబోమన్న ఆంక్ష. దిద్దుకోమన్నా దిద్దుకోని చోట, హాని మళ్లీ మళ్లీ జరిగిన చోట ఇది పడుతుంది. యజమానుల భాగంలో ఈ మధ్య చేతులు మారిందా, ఏ గొలుసు సంస్థలో ఉందో చూసి, అదే సంస్థ నడిపే మిగతా చోట్ల రికార్డు కూడా తిరగేయడం మంచిది. యాజమాన్యం మారితే పాత స్టార్లు పాత యాజమాన్యానివే.

రికార్డులో లేనివి

రికార్డు చదివాక మిగిలిన రెండు మూడు చోట్లకు స్వయంగా వెళ్లి చూడాలి, వీలైతే ఆదివారం సాయంత్రం భోజనం వేళకు. పిలుపు బెల్ మోగితే ఎంతసేపటికి మనిషి వచ్చింది, తినలేనివారికి కూర్చుని తినిపిస్తున్నారా, పళ్లెం పెట్టి వెళ్లిపోతున్నారా, మూత్రపు వాసన ఒక మూలనా, అంతటా ఉందా అన్నవి చూడాలి. నివేదికలో చదివిన లోపాన్ని పేరుపెట్టి అడిగి, తర్వాత ఏం మార్చారో చెప్పించుకోవాలి. ఇంగ్లిషు రాని తెలుగు పెద్దలకైతే తమ ఆరోగ్య పరిస్థితిని తమకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు కేంద్ర నిబంధనల్లోనే ఉంది. దుబాసీని ఫోన్‌లోనైనా ఏర్పాటు చేస్తారా, శాకాహారం రోజూ అందుతుందా అన్నవి చేరకముందే తేల్చుకోవాలి.

ప్రతి రాష్ట్రంలోనూ వృద్ధుల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ ఉంటారు. ఆ కార్యాలయం వాళ్లు ఆయా చోట్లకు వెళ్లి వస్తుంటారు. ఒక నర్సింగ్ హోం మీద ఎలాంటి ఫిర్యాదులు వస్తున్నాయో వాళ్లను ఫోన్ చేసి అడగవచ్చు.

అసిస్టెడ్ లివింగ్ పేరుతో నడిచే నివాసాలు ఈ వ్యవస్థలోకి రావు. వాటికి కేంద్ర తనిఖీ లేదు, కేర్ కంపేర్‌లో పేరుండదు. రాష్ట్ర విభాగం వెబ్‌సైటులోనే వాటి రికార్డు వెతుక్కోవాలి. 2025 జూలైలో మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో మంటలకు 10 మంది బలైన నివాసం ఈ కోవలోదే.

చేర్చిన తర్వాత కూడా రికార్డు అవసరం తీరదు. వేధింపు, నిర్లక్ష్యం, కారణం తెలియని గాయం కనిపిస్తే రోగి గానీ, బంధువు గానీ, సిబ్బందిలో ఒకరు గానీ రాష్ట్ర తనిఖీ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. పేరు బయటపెట్టాల్సిన పని లేదు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం చట్టవిరుద్ధం. తేదీ, వేళ, ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఏం కనిపించింది అన్నవి అప్పటికప్పుడు రాసిపెట్టుకుంటే దర్యాప్తు సులువవుతుంది. ఫిర్యాదు నిజమని తేలితే అది మరో ఎఫ్ సంఖ్యగా, మరో అక్షరంతో అదే రికార్డులో చేరుతుంది.